వైట్ డ్వార్ఫ్ సూపర్‌నోవాలు: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రా తీసుకోవచ్చా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు టాపిక్ ఈ నెలాఖరులోపు ఇవ్వాలి. టైప్ 1ఏ సూపర్‌నోవాల మీదే చెయ్యాలని నా కోరిక. ఒక వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) మొత్తంగా పేలిపోవడం, అందులో పుట్టిన నికెల్-56 కోబాల్ట్‌గా, ఆ కోబాల్ట్ ఇనుముగా మారుతూ నెలల తరబడి ఆ శిథిలాన్ని వెలిగించడం చదివిన దగ్గర్నుంచి వేరే టాపిక్ మీదికి మనసు పోవడం లేదు.

మా గైడ్ గారేమో మామూలు కాంతిలో స్పెక్ట్రా (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసిన రికార్డులు) బోలెడు ఉన్నాయి, 6355 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి సిలికాన్ గీత ఎంత జరిగిందో చూసి దాని వేగం కొలిచి పూర్తి చెయ్యమంటున్నారు. నాకు ఇన్‌ఫ్రారెడ్ చెయ్యాలని ఉంది. కానీ "ఎందుకు ఇన్‌ఫ్రారెడ్?" అని అడిగితే గట్టిగా చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. టెలిస్కోప్ లేదు, కాలేజీలో మామూలు కంప్యూటర్లే ఉన్నాయి. డేటా బయట దొరుకుతుందా? మూడు నాలుగు నెలల్లో అయ్యే పనేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కావలి_లెక్చరర్ (రిటైర్డ్)

అమ్మా, మంచి టాపిక్ ఎంచుకున్నావు. వైట్ డ్వార్ఫ్ అంటే ముందు చంద్రశేఖర్ గారి సంగతి చదువు. మన పక్కనే మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1930లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్తూ దారిలోనే ఆ లెక్క వేశారు. సూర్యుడికి 1.4 రెట్లు మించిన బరువును వైట్ డ్వార్ఫ్ మోయలేదు. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని ఆ హద్దు దగ్గరికి వచ్చిందంటే లోపల కార్బన్ అంటుకుంటుంది, నక్షత్రం మిగలదు. పేలే బరువు ఒకటే కాబట్టి వెలుగూ దాదాపు ఒకటే. అందుకే దూరాలు కొలవడానికి పనికొచ్చాయి. 1998లో విశ్వం విస్తరణ వేగం పెరుగుతోందని తేలింది వీటితోనే, దానికి 2011లో నోబెల్ కూడా వచ్చింది.

నా సలహా మాత్రం మీ గైడ్ మాటే. ఆ సిలికాన్ గీత టైప్ 1ఏకి గుర్తింపు కార్డు. తెలిసిన దారిలో నడిచి డిగ్రీ చేతికి తెచ్చుకో. ఇన్‌ఫ్రారెడ్ పీహెచ్‌డీలో చూసుకోవచ్చు.

తార_పరిశోధన (సొంతూరు ఒంగోలు దగ్గర)

సార్, నమస్తే. నేను ఈ సూపర్‌నోవాల స్పెక్ట్రా మీదే పని చేస్తున్నాను. మీరు చెప్పిన కథ పుస్తకాల్లో అలాగే ఉంటుంది. పేలే ప్రతి వైట్ డ్వార్ఫ్ ఆ 1.4 హద్దు దగ్గరే పేలుతుందా అన్న ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. తక్కువ బరువులోనే పేలేవి ఉండొచ్చు. పైన చేరిన హీలియం పొర ముందు పేలి, ఆ అదురుకి లోపలి కార్బన్ పేలడం ఒక పద్ధతి. రెండు వైట్ డ్వార్ఫ్‌లు ఢీకొనడం ఇంకో పద్ధతి. పైగా వెలుగు కూడా అన్నిటిదీ ఒకటి కాదు. పుట్టిన నికెల్-56, సూర్యుడి బరువులో పదో వంతు నుంచి దాదాపు 0.9 దాకా మారుతుంది. మెల్లగా తగ్గేవి ఎక్కువ వెలుగుతాయని 1993లో ఫిలిప్స్ చూపించాకే వాటిని దూరాలకు నమ్మకంగా వాడుకోగలిగాం.

చెల్లీ, "ఎందుకు ఇన్‌ఫ్రారెడ్" అన్న నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. బరువు ఎంత, ఎలా పేలింది అని తెలియాలంటే లోపల ఏ మూలకం ఏ లోతులో ఉందో చూడాలి. నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఇనుము, కోబాల్ట్, నికెల్ గీతలు వేల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏ గీత ఎవరిదో విడదీయడమే కష్టం, లోపలి కాంతి కూడా సులువుగా బయటికి రాదు. ఇన్‌ఫ్రారెడ్‌లో గీతలు పలుచన. వాటి మధ్య ఖాళీల్లోంచి మరింత లోతుకి చూపు పోతుంది. ఒకే రోజు తీసిన స్పెక్ట్రమ్‌లో కూడా ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో లోతు చూపిస్తుంది.

కొన్ని గీతలు అక్కడ తప్ప వేరే చోట బాగా కనపడవు. 1.0693 మైక్రాన్ల (ఒక మైక్రాన్ అంటే 10,000 ఆంగ్‌స్ట్రామ్‌లు) దగ్గర కార్బన్ గీత కనిపించిందంటే కాలకుండా మిగిలిన కార్బన్ ఉందన్నమాట. 2013లో కనిపెట్టిన ఐపీటీఎఫ్13ఈబీహెచ్ అనే సూపర్‌నోవాలో ఈ గీత చాలా బలంగా ఉంది. దాని పక్కనే 1.0927 దగ్గర మెగ్నీషియం. కార్బన్ కాలితే మెగ్నీషియం వస్తుంది, ఇంకా వేడెక్కితే ఆ మెగ్నీషియం కూడా కాలి సిలికాన్ వైపు వెళ్లిపోతుంది. శిథిలంలో బయటి పొరలకు వేగం ఎక్కువ, లోపలివాటికి తక్కువ. కాబట్టి మెగ్నీషియం ఏ వేగం దగ్గర ఆగిపోయిందో కొలిస్తే, కార్బన్ మంట ఎక్కడిదాకా వెళ్లిందో గీత గీసి చూపించినట్టే.

నా మాట అడిగితే ఇన్‌ఫ్రారెడ్ తీసుకో. ఎమ్మెస్సీ స్థాయిలో చెయ్యగలిగిన పని ఉంది, తీరిగ్గా రాస్తాను.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)

చదువుకున్నవాళ్ల మధ్య దూరుతున్నాను, ఏమనుకోవద్దు. నేను క్వారీలో సూపర్‌వైజర్‌ని, 8 అంగుళాల టెలిస్కోప్ ఉంది. 2014 జనవరిలో ఎమ్82 గెలాక్సీలో ఒకటి పేలింది కదా, లండన్‌లో కాలేజీ పిల్లలకు పాఠం చెబుతూ స్టీవ్ ఫాసీ గారు, ఆ పిల్లలు కలిసి పట్టుకున్నారు. మన దగ్గర ఎమ్82 ఉత్తరాన 36 డిగ్రీలకు మించి లేవదు. జనవరి చివర్లో అయితే అర్ధరాత్రి దాటాకే ఆ ఎత్తుకు వస్తుంది. క్వారీ లైట్లకు దూరంగా, పొదిలి రోడ్డు వైపు పోయి చూశాను. గెలాక్సీ పొడుగ్గా, మసగ్గా, దాన్లో ఒక చుక్క. కోటి పదిహేను లక్షల కాంతి సంవత్సరాల అవతల పేలిన ఒక్క నక్షత్రం నా కంటికి కనపడిందంటే ఒళ్లు పులకరించింది.

దాని రంగు ఎర్రబారిందని, మధ్యలో దుమ్ము ఎక్కువని అప్పట్లో చదివాను. ఆ దుమ్ముకీ ఇన్‌ఫ్రారెడ్‌కీ సంబంధం ఏందక్కా? నా కెమెరాతో ఏమన్నా చెయ్యొచ్చా?

తార_పరిశోధన

అన్నా, మీరు చూసిన ఎమ్82 సూపర్‌నోవా పేరు 2014జె. దుమ్ము నీలాన్ని ఎక్కువ ఆపుతుంది, ఎరుపుని తక్కువ, ఇన్‌ఫ్రారెడ్‌ని ఇంకా తక్కువ. మామూలు కాంతిలో ఎన్ని మాగ్నిట్యూడ్‌లు (వెలుగు కొలత) పోతాయో 1.6 మైక్రాన్ల దగ్గర అందులో అయిదో వంతు కూడా పోదు. దానికితోడు ఇన్‌ఫ్రారెడ్‌లో ఈ సూపర్‌నోవాల గరిష్ఠ వెలుగు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటుంది, సరిదిద్దాల్సింది తక్కువ. దూరాలు కొలిచేవాళ్లు ఇటు మళ్లడానికి కారణం అదే. 2014జెని మన దేశం నుంచి కూడా ఇన్‌ఫ్రారెడ్‌లో గమనించారు, మౌంట్ ఆబూలోని 1.2 మీటర్ల టెలిస్కోప్‌తో.

మీ కెమెరా సెన్సర్ సిలికాన్‌ది. సిలికాన్ దాదాపు 1.1 మైక్రాన్ల దాకానే స్పందిస్తుంది, ఆ అంచున చూపు బాగా మందగిస్తుంది. దాని అవతల చూడాలంటే పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిపిన డిటెక్టర్ కావాలి, దాన్ని బాగా చల్లబరచాలి. ఇంట్లో అయ్యేది కాదు. అయినా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఐ ఫిల్టర్ (ఎరుపు చివర, ఇన్‌ఫ్రారెడ్ అంచు కాంతిని పంపేది) పెట్టి రోజూ వెలుగు కొలవండి. మామూలు టైప్ 1ఏ ఆ రంగులో ఒకసారి వెలిగి తగ్గి, మూడు నాలుగు వారాలకి మళ్లీ పెరుగుతుంది. చల్లబడుతున్న ఇనుము సుమారు 7,000 కెల్విన్‌ల దగ్గర రెండు ఎలక్ట్రాన్‌లు పోయిన స్థితి నుంచి ఒక్కటే పోయిన స్థితికి వస్తుంది. అప్పుడు నీలం కాంతిని మింగి ఇన్‌ఫ్రారెడ్‌లో బయటికి వదలడం పెరుగుతుంది. ఆ రెండో శిఖరం అందుకే వస్తుంది. మసక రకాల్లో అది ఉండదు, లేదా మొదటిదానిలో కలిసిపోతుంది. ఇది ఇంటి టెలిస్కోప్‌తో పట్టుకోవచ్చు.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)

ఐ ఫిల్టర్ కొంటాను. ఈసారి పదో మాగ్నిట్యూడ్‌ది వస్తే వదలను.

సింహపురి_నాన్న (నెల్లూరు)

మా అమ్మాయి కూడా డిగ్రీ ఫిజిక్స్. ఇలాంటి టాపిక్‌లు చదివితే రేపు ఉద్యోగం సంగతేంటి? పిల్లల టెన్షన్ మాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను, ఎవర్నీ తక్కువ చెయ్యాలని కాదు.

ఉదయగిరి_కోడ్ (బెంగళూరు)

బాబాయ్, అడగాల్సిన ప్రశ్నే. నేను చదివింది ఫిజిక్స్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. నాయిస్ నిండిన డేటాలోంచి సిగ్నల్ తియ్యడం, ఎర్రర్ ఎంతో నిజాయితీగా చెప్పడం, పైథాన్‌లో ఆ పనంతా శుభ్రంగా రాయడం నేను నేర్చుకున్నది ఇలాంటి ప్రాజెక్టులోనే. ఇంటర్వ్యూలో దాని గురించే ఎక్కువసేపు అడిగారు. పరిశోధనలోకి పోవాలనుకుంటే ఎలాగూ ఇదే దారి. మీ అమ్మాయికి ఇష్టమైతే ఆపకండి.

@పెన్నా_ఒడ్డు, డేటా సంగతి నేను చెప్తా. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నడిపే వైజ్‌రెప్ అనే భాండాగారం ఉంది. అచ్చయిన పేపర్లలోని స్పెక్ట్రా చాలావరకు అక్కడ దొరుకుతాయి. ఫైల్ తెరిస్తే రెండు మూడు కాలమ్‌లు ఉంటాయి: తరంగదైర్ఘ్యం, ఫ్లక్స్, అదృష్టం ఉంటే ఎర్రర్. కొన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలో, కొన్ని మైక్రాన్‌లలో ఉంటాయి, ముందు అన్నీ ఒక్క యూనిట్‌కి మార్చు. తర్వాత ప్రతి తరంగదైర్ఘ్యాన్నీ గెలాక్సీ రెడ్‌షిఫ్ట్‌కి (అది దూరంగా పోతున్నందుకు కాంతి ఎంత సాగిందో ఆ అంకె) ఒకటి కలిపి, వచ్చినదానితో భాగించు. ఎమ్101 లాంటి దగ్గరి గెలాక్సీకి ఆ మార్పు తక్కువే, దూరంవాటికి మర్చిపోతే లెక్క మొత్తం పోతుంది. గాలిలో కొలిచిన తరంగదైర్ఘ్యమా, శూన్యంలోదా అన్నది కూడా చూసుకో. తేడా సెకనుకి 80 కిలోమీటర్ల చిల్లర, నీ వేగాలు పదివేలల్లో ఉంటాయి కాబట్టి కొంప మునగదు. కానీ రిపోర్టులో ఒక ముక్క రాయాలి.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

అన్నా, చాలా థాంక్స్. వైజ్‌రెప్‌లో 2011ఎఫ్ఈ అనే సూపర్‌నోవా స్పెక్ట్రా తెరిచి చూశాను. ఇన్‌ఫ్రారెడ్‌వి కూడా ఉన్నాయి! కానీ 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర గ్రాఫ్ గీత పిచ్చిపిచ్చిగా ఎగిరెగిరి పడుతోంది. కొన్ని ఫైళ్లలో అక్కడ అసలు డేటానే లేదు. ఫైల్ పాడైందా?

తార_పరిశోధన

పాడవలేదు, అది మన గాలిలోని నీటి ఆవిరి. భూమి మీది నుంచి ఇన్‌ఫ్రారెడ్ చూసేవాళ్లందరికీ ఇదే బాధ. 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. మిగిలిన కిటికీలకే జె, హెచ్, కె బ్యాండ్‌లని పేరు. నెల్లూరు తీరంలో, అందులోనూ అక్టోబరు, నవంబరు ముసురులో ఈ టెలిస్కోప్ పెడితే కిటికీలు కూడా సరిగ్గా తెరుచుకోవు. అందుకే మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ని లద్దాఖ్‌లో హాన్లే దగ్గర 4,500 మీటర్ల ఎత్తున పెట్టారు. ఎముకలు కొరికే చలి, గాలిలో తేమ చాలా తక్కువ. దాన్ని బెంగళూరు దగ్గర హోస్కోటే నుంచి ఉపగ్రహ లింకుతో నడుపుతారు. టాటా ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన టిర్‌స్పెక్ అనే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ దానికుంది. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్‌కి టాన్‌స్పెక్ ఉంది, అది 0.55 నుంచి 2.5 మైక్రాన్ల దాకా చూస్తుంది.

ఆవిరి తిన్న భాగాన్ని సరిచెయ్యడానికి సూపర్‌నోవాతో పాటు అదే ఎత్తులో ఉన్న ఒక వేగా రకం నక్షత్రాన్ని చూస్తారు. అలాంటి నక్షత్రంలో హైడ్రోజన్ తప్ప పెద్ద గీతలు ఉండవు, కాబట్టి మిగతా గుంటలన్నీ గాలివే. ఆ గుంటలతో సూపర్‌నోవా స్పెక్ట్రమ్‌ని భాగిస్తారు. కాంతి అసలే రాని చోట సున్నాని సున్నాతో భాగించినట్టు అవుతుంది, నువ్వు చూసిన పిచ్చి గీతలు అవే. వాటిని కత్తిరించెయ్, అందులో ఏ గీతనీ గుర్తించకు.

కావలి_లెక్చరర్ (రిటైర్డ్)

తల్లీ, నీ వివరణ బాగుంది. ఒక్క సంగతి అడుగుతాను. తక్కువ బరువులో పేలేవి ఉండొచ్చంటున్నావు. దాన్ని స్పెక్ట్రమ్‌లో చూసి తేల్చడం ఎలా? పేలిపోయిన నక్షత్రాన్ని ఎవరూ త్రాసులో వెయ్యలేరు కదా.

తార_పరిశోధన

సార్, ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాదన ఇదే, కాస్త వివరంగా రాస్తాను.

పేలుడులో పుట్టే నికెల్‌లో ఎక్కువ భాగం నికెల్-56. దాని అర్ధజీవిత కాలం 6 రోజుల చిల్లర. వంద రోజులు పోతే లక్షలో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. అంటే ఆ తర్వాత స్పెక్ట్రమ్‌లో నికెల్ గీత కనపడిందంటే అది నికెల్-56 కానే కాదు. నికెల్-58 లాంటి, చెక్కుచెదరని నికెల్ అయివుండాలి. దానిలో ప్రోటాన్‌ల కంటే న్యూట్రాన్‌లు ఎక్కువ. కార్బన్, ఆక్సిజన్‌లలో రెండూ సమానం. మరి ఆ అదనపు న్యూట్రాన్‌లు ఎక్కడివి? సాంద్రత విపరీతంగా పెరిగితే ప్రోటాన్‌లు ఎలక్ట్రాన్‌లని పట్టుకుని న్యూట్రాన్‌లవుతాయి. 1.4 హద్దు దగ్గరికి వచ్చిన వైట్ డ్వార్ఫ్ నడిబొడ్డున ఘన సెంటీమీటరుకి రెండు వేల టన్నుల దాకా ఉంటుంది, అక్కడ ఇది జోరుగా సాగుతుంది. బరువు తక్కువైన దానిలో మధ్యభాగం అంత బిగుసుకోదు, ఈ నికెల్ పుట్టడం తగ్గుతుంది. మీరడిగిన త్రాసు ఇదే సార్.

ఆ నికెల్ గీతల్లో ముఖ్యమైనది 1.939 మైక్రాన్ల దగ్గర ఉంది. సరిగ్గా నీటి ఆవిరి గుంటలో! ఎన్నాళ్లో దానికోసం కిందినుంచి తంటాలు పడ్డారు. దానికి బదులు 1.644 దగ్గర ఇనుము గీత మీద ఆధారపడ్డారు, అది కిటికీ మధ్యలో, మిగతావాటికి కాస్త ఎడంగా ఉంటుంది. దాని ఆకారం, వెడల్పు నెలల తరబడి ఎలా మారుతున్నాయో చూసి నడిబొడ్డున ఏముందో అంచనా వేశారు. 2003డీయూ అనే సూపర్‌నోవాకి సుబారు టెలిస్కోప్‌తో తీసిన స్పెక్ట్రమ్‌లో ఆ గీత తల చదునుగా ఉంది. నికెల్-56 నుంచి వచ్చిన ఇనుము నడిమధ్యన లేదని, అక్కడ రేడియోధార్మికత లేని పదార్థం ఉందని దానితో వాదించారు.

కావలి_లెక్చరర్ (రిటైర్డ్)

చక్కగా ఉంది. అయితే నికెల్ గీత కనిపిస్తే 1.4 హద్దు దగ్గర పేలింది, కనపడకపోతే తక్కువ బరువులో, అంతేనా? అంత సులువుగా తేలిపోతే మీరంతా ఇంకా ఎందుకు వాదించుకుంటున్నారు?

తార_పరిశోధన

అంత సులువు కాదు సార్. ఆ వైట్ డ్వార్ఫ్ పుట్టిన నక్షత్రంలో లోహాలు (హీలియం కంటే బరువైన మూలకాలు) ఎక్కువగా ఉంటే, నియాన్-22 రూపంలో అదనపు న్యూట్రాన్‌లు ముందే లోపల ఉంటాయి. అలాంటప్పుడు తక్కువ బరువులో పేలినా కొంత స్థిరమైన నికెల్ పుడుతుంది. కాబట్టి ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది, మధ్యలో కుప్పగా ఉందా లేక పరుచుకుని ఉందా అని చూడాలి. గీత బలాన్ని బరువుగా మార్చాలంటే ఆ వాయువు వేడి, అయనీకరణ స్థాయి కూడా తెలియాలి. 1.939 దగ్గరిది ఒక్క ఎలక్ట్రాన్ పోయిన నికెల్‌ది. రెండు, మూడు పోయిన నికెల్ ఎంతుందో ఆ గీత చెప్పదు.

ఈ ముడి విప్పడానికే జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ అక్కరకొచ్చింది. 2021 డిసెంబరు 25న పైకి వెళ్లింది, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల ఉంటుంది, నీటి ఆవిరి గొడవ లేదు. దాని మిరి అనే పరికరం 5 నుంచి 28 మైక్రాన్ల దాకా చూస్తుంది, అందుకోసం దాన్ని 7 కెల్విన్‌ల కంటే చల్లగా ఉంచుతారు. పది మైక్రాన్ల దగ్గర మన ఒళ్లు, టెలిస్కోప్ గొట్టం, గాలి, అన్నీ వెలుగుతూనే ఉంటాయి కదా. కింద ఉండి చూడటం పట్టపగలు చుక్కలు వెతకడంతో సమానం. అయినా కానరీ దీవుల్లోని 10.4 మీటర్ల టెలిస్కోప్‌తో 2014జెలో 11.888 మైక్రాన్ల కోబాల్ట్ గీతని పట్టుకున్నారు. అది దగ్గరిది కాబట్టి కుదిరింది.

వెబ్ 2021ఏఈఎఫ్ఎక్స్ అనే సూపర్‌నోవాని చూసింది, ఎన్‌జీసీ 1566 గెలాక్సీలోది. గరిష్ఠ వెలుగు తర్వాత సుమారు 255, 323, 415 రోజుల దగ్గర స్పెక్ట్రా ఉన్నాయి. 6.636 మైక్రాన్ల దగ్గర ఒక ఎలక్ట్రాన్ పోయిన నికెల్, 7.349 దగ్గర రెండు పోయినది, 8.405 దగ్గర మూడు పోయినది. మూడు మెట్లూ ఒక్క స్పెక్ట్రమ్‌లో వచ్చేశాయి! ఆ వయసులో నికెల్-56 ఉండే ప్రసక్తే లేదు, అదంతా స్థిరమైన నికెలే. 11.888 దగ్గర కోబాల్ట్ గీత మాత్రం కోబాల్ట్-56 అర్ధజీవిత కాలం 77 రోజులకు తగ్గట్టే తగ్గుతూ వచ్చింది. ఒక మూలకం ఇంకో మూలకంగా మారుతుంటే స్పెక్ట్రమ్‌లో కూర్చుని చూడటం అది.

8.991 దగ్గర ఆర్గాన్ గీత తల కోసేసినట్టు ఉంది, కాస్త వాలుగా. నిండు గోళం అయితే గీత మధ్యలో ఉబ్బుగా వస్తుంది. లోపల డొల్లగా ఉన్న పెంకు అయితే తల చదునవుతుంది. కొబ్బరికాయలో కొబ్బరి ఉన్నచోట ఆర్గాన్, నీళ్లున్నచోట ఇనుము, కోబాల్ట్, నికెల్ అనుకోండి. ఆ వాలు ఉందంటే కాయ రెండు వైపులా ఒకేలా లేదన్నమాట. వైట్ డ్వార్ఫ్ 1.4 దగ్గర పేలిందనే లెక్కతో ఇవి బాగా కుదిరాయని ఆ స్పెక్ట్రా విశ్లేషించినవాళ్లు కొందరు అన్నారు. ఒక్క సూపర్‌నోవాతో అన్నిటికీ తీర్పు చెప్పలేం. రెండు దారులూ నిజమే అయివుండొచ్చని నా నమ్మకం.

కావలి_లెక్చరర్ (రిటైర్డ్)

తల్లీ, నా సర్వీసు మొత్తం తరగతిలో ఒక్క దారే చెప్పాను. ఇలాంటి స్పెక్ట్రా అప్పట్లో చేతిలో ఉంటే పిల్లలకు ఎంత బాగుండేదో. పక్క నక్షత్రం సంగతి కూడా చెప్పు. దాని హైడ్రోజన్ శిథిలంలో కలవాలి కదా, అది కనపడిందా?

తార_పరిశోధన

బాగా పట్టుకున్నారు సార్. పక్కనున్నది మామూలు నక్షత్రమైతే పేలుడు దాని పైపొరని ఊడగొట్టుకుపోవాలి. చాలా నెలల తర్వాత హైడ్రోజన్ గీతలు, ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే 1.282 మైక్రాన్ల దగ్గరిది, సన్నగా కనపడాలి. చాలా సూపర్‌నోవాల్లో వెతికారు, దాదాపు అన్నిట్లో దొరకలేదు. పక్క నక్షత్రం కూడా వైట్ డ్వార్ఫే అనేవాళ్లకి ఇదొక బలం. హీలియం పొర పేలితే 1.083 దగ్గర హీలియం కనపడాలి, కానీ ఇటు కార్బన్, అటు మెగ్నీషియం నిలబడ్డ చోటే అది. మూడూ కలిసిపోతే ఎవరిది ఎవరిదో చెప్పడం గండమే.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)

అక్కా, మా నల్లరాయిలో మెరిసే చుక్కలుంటాయి కదా, అందుకే దానికి గెలాక్సీ అని పేరు పెట్టి దేశాలకి పంపుతారు. ఆ చుక్క బ్రాంజైట్ అని మా జియాలజిస్ట్ చెప్పారు, ఇనుము, మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసింది. ఆ ఇనుము కూడా వీటిదేనా?

తార_పరిశోధన

చాలావరకు అవునన్నా. మన గెలాక్సీలోని ఇనుములో సగం, ఇంకా ఎక్కువే, వైట్ డ్వార్ఫ్‌ల పేలుళ్లదని అంచనా. ఒక్కో పేలుడులో సూర్యుడి బరువులో సగం పైచిలుకు ఇనుము తయారవుతుంది. అదే చుక్కలోని ఆక్సిజన్, మెగ్నీషియం మాత్రం ఎక్కువగా పెద్ద నక్షత్రాలు కుప్పకూలి పేలినప్పటివి. మీరు పాలిష్ పట్టించే పలకలో రెండు రకాల సూపర్‌నోవాల సరుకూ ఉంది.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)

రేపు పొద్దున మా కుర్రాళ్లందరికీ రాయి దగ్గర నిలబెట్టి చెప్తాను ఈ మాట.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

అక్కా, సార్, అన్నలూ, ఇవన్నీ ప్రింట్ తీసి గైడ్ గారికి చూపించాను. "సరే, కానీ పరిధి చిన్నగా పెట్టుకో" అన్నారు. శ్రీహరికోట నుంచి మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం 2015లో వెళ్లింది కదా, దాని డేటా వాడొచ్చా అని కూడా అడిగారు. నేను అనుకుంటున్నది వెబ్ స్పెక్ట్రాలో నికెల్ కొలవడం. కుదురుతుందా?

తార_పరిశోధన

ఆస్ట్రోశాట్ అతినీలలోహిత కాంతి, ఎక్స్ కిరణాల కోసం పంపింది, ఇన్‌ఫ్రారెడ్ లేదు. వెబ్ నికెల్ నీకు ఇప్పుడు వద్దు. గీత కొలవడం ఒక పూట పని, దాన్ని బరువుగా మార్చడానికి కావలసిన మోడల్ లెక్కలు ఏళ్ల పని.

నీకు సరిపోయేది హెచ్ బ్యాండ్ (1.6 మైక్రాన్ల చుట్టూ ఉన్న కిటికీ). గరిష్ఠ వెలుగు వచ్చినప్పుడు 1.5 మైక్రాన్ల దగ్గర స్పెక్ట్రమ్ దాదాపు నున్నగా ఉంటుంది. కొద్ది రోజులకే 1.5కి కుడి పక్కన ఒక్కసారిగా గోడ లేస్తుంది. ఇనుము, కోబాల్ట్, నికెల్ గీతలు అక్కడ దట్టంగా ఉంటాయి, పై పొరలు పలుచబడి చూపు నికెల్-56 ఉన్న పొరకి చేరగానే అవి బయటపడతాయి. గోడ ఎత్తుని ఎడమ పక్క మట్టంతో భాగించు. ఆ నిష్పత్తి సుమారు 12 రోజులకి గరిష్ఠానికి వెళ్లి మెల్లగా తగ్గుతుంది. మెల్లగా మసకబారే, ఎక్కువ వెలిగే సూపర్‌నోవాల్లో అది పెద్దగా, త్వరగా ఆరిపోయేవాటిలో చిన్నగా ఉంటుంది. 2013లో సావో గారు, సహచరులు దీన్ని చూపించారు. గోడ ఎడమ అంచు ఏ వేగం దగ్గర ఉందో కొలిస్తే నికెల్-56 పొర బయటి హద్దు తెలుస్తుంది. అది పదో రోజు చుట్టుపక్కల కొలవడం రివాజు.

2011ఎఫ్ఈ మామూలు రకం. ఐపీటీఎఫ్13ఈబీహెచ్, 1999బీవై త్వరగా ఆరేవి. ఈ మూడూ పక్కపక్కన పెట్టు, ఇంకొన్ని మామూలువి చేర్చు. రిపోర్టుకి కావలసినంత విషయం వస్తుంది. దానికి తోడు మెగ్నీషియం వేగం కొలిస్తే మీ గైడ్ అడిగిన సిలికాన్ వేగంతో పోల్చి చూపించొచ్చు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

మెగ్నీషియం వేగం లెక్క ఇలాగే కదా? ఉదాహరణకి స్పెక్ట్రమ్‌లో మెగ్నీషియం గీత చేసిన లోయ అడుగు 1.052 మైక్రాన్ల దగ్గర ఉందనుకుంటే: 1.0927 నుంచి 1.052 తీసేస్తే 0.0407. దాన్ని 1.0927తో భాగిస్తే 0.0372. కాంతి వేగంతో గుణిస్తే సెకనుకి సుమారు 11,200 కిలోమీటర్లు.

ఉదయగిరి_కోడ్ (బెంగళూరు)

సరిగ్గా ఉంది. కానీ లోయ అడుగుని కంటితో చూసి రాయొద్దు. ముందు కాస్త స్మూత్ చేసి, అడుగు చుట్టూ ఒక వంపు ఫిట్ చెయ్. తర్వాత ఎర్రర్ మేరకు ప్రతి పాయింట్‌నీ యాదృచ్ఛికంగా కదిలించి అదే ఫిట్‌ని మళ్లీ మళ్లీ చేయించు, లూప్ రాస్తే ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో అయిపోతుంది. వచ్చిన వేగాల చెదురు ఎంతో అదే నీ ఎర్రర్. స్మూతింగ్ వెడల్పు మార్చి ఇంకోసారి చెయ్, జవాబు ఎర్రర్‌ని దాటి జరిగితే ఆ స్పెక్ట్రమ్‌ని నమ్మొద్దు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

అన్నా, అర్థమైంది. చివరిగా ఒకటి. అన్ని సూపర్‌నోవాలకీ పదో రోజు స్పెక్ట్రమ్ లేదు. ఒకదానికి 7, ఇంకోదానికి 14, కొన్నిటికి ఏకంగా 20. అన్నీ కలిపి గ్రాఫ్ గీయొచ్చా?

తార_పరిశోధన

గోడ అంచు వేగానికైతే 7 నుంచి 13 రోజుల మధ్యవే తీసుకో, 14నీ 20నీ పక్కన పెట్టు. ఆ వేగం రోజులతో పాటు తగ్గుతుంది, కలిపేస్తే సూపర్‌నోవాల మధ్య తేడా ఏదో, వయసు తేడా ఏదో చెప్పలేవు. నిష్పత్తికి మాత్రం అన్ని రోజులవీ వాడు, అడ్డంగా వయసు, నిలువుగా నిష్పత్తి పెట్టి ఒక్కో సూపర్‌నోవాకి ఒక్కో రంగు వెయ్. గరిష్ఠ వెలుగు తేదీని పేపర్ నుంచి తీసుకునేటప్పుడు అది బి బ్యాండ్‌లోదో (నీలం కాంతి) కాదో చూడు, ఇన్‌ఫ్రారెడ్‌లో గరిష్ఠం దానికంటే కొన్ని రోజులు ముందే వచ్చేస్తుంది. 2011ఎఫ్ఈతో మొదలుపెట్టి మొదటి గ్రాఫ్ ఇక్కడే పెట్టు, అంచు ఎక్కడ గుర్తించావో చూసి చెప్తాను.

కావలి_లెక్చరర్ (రిటైర్డ్)

అమ్మా, ఆ గ్రాఫ్ పెట్టినప్పుడు నన్నూ ట్యాగ్ చెయ్యి. నాకూ ఆ ఫైళ్లు ఎలా తెరవాలో ఎవరైనా చెప్పండి, నేను కూడా కొలిచి చూస్తాను.

ఉదయగిరి_కోడ్ (బెంగళూరు)

సార్, మీకు పైథాన్ ఇన్‌స్టాల్ చెయ్యడం దగ్గర్నుంచి అన్నీ తెలుగులో రాసి రేపు సాయంత్రం కొత్త చర్చగా పెడతాను. లింక్ ఇక్కడే ఇస్తాను.